పుట్టకురుపు కాన్సరేనా?

సందేహం: మా నాన్నగారి కుడి పాదం నాలుగేళ్లుగా వాచి ఉంది. నొప్పి పెద్దగా లేదు. ఈమధ్య ముక్క తీసి పరీక్షకు పంపితే రిపోర్టులో 'మైసెటోమా' అని వచ్చింది. చివర 'ఓమా' ఉంది కాబట్టి కాన్సరేనని బంధువులు టెన్షన్ పడుతున్నారు. మా నాయనమ్మ దాన్ని 'పుట్టకురుపు' అంటోంది. ఆ మాటకు కాన్సర్ అనే అర్థం చెప్పేవాళ్లూ ఉన్నారు. డాక్టరుగారేమో కాన్సర్ కాదు, ఇన్ఫెక్షన్ అన్నారు. ఇన్ఫెక్షన్ అంటే అంటువ్యాధి కదా అని ఇంట్లో పిల్లల్ని ఆయన దగ్గరికి పోనివ్వడం లేదు. గడ్డ, కంతి, కణితి, పుట్టకురుపు: వీటిలో ఏది సరైన మాట? (ఒక పాఠకుడు, ప్రొద్దుటూరు)

సమాధానం: ముందు పిల్లల్ని తాతగారి దగ్గరికి పంపండి. మైసెటోమా ఒకరినుంచి ఒకరికి అంటదు. ఇన్ఫెక్షన్ అన్న ప్రతిచోటా 'అంటువ్యాధి' అని రాసే అలవాటు మన పత్రికల్లో పాతుకుపోయింది. ఇన్ఫెక్షన్ అంటే సూక్ష్మజీవి ఒంట్లో చేరి పెరగడం. అది పక్కవాడికి అంటితేనే అంటువ్యాధి. ముల్లు గుచ్చుకున్నప్పుడు మట్టిలోంచి పాదంలోకి పోయిన క్రిమి ఆ పాదంలోనే ఉంటుంది. ఒక్క మాట అజాగ్రత్తగా వాడితే మనవళ్లు తాతకు దూరమయ్యారు. అందుకే నేను మాటల విషయంలో ఇంత పట్టుబడతాను.

ఇక 'ఓమా' సంగతి. గ్రీకులో అది నామవాచకాలను చేసే ప్రత్యయం. వైద్యంలో వాపుకూ గడ్డకూ ఎక్కువగా తగిలిస్తారు. లింఫోమా, మెలనోమా కాన్సర్లే. కానీ గ్లకోమా కంటిజబ్బు, ట్రకోమా కంటికి వచ్చే ఇన్ఫెక్షన్, హెమటోమా రక్తం గడ్డకట్టిన వాపు. తోకను చూసి జబ్బును తేల్చకూడదు.

గడ్డ అనేది అందరి మాట. ఉల్లిగడ్డ, మంచుగడ్డ, సెగగడ్డ అన్నీ అందులోనే ఉన్నాయి. కంతి గట్టిది, చెట్టుకూ వస్తుంది. కణితి దాని తోబుట్టువే, ఇప్పుడు ట్యూమర్‌కు స్థిరపడింది. కాన్సర్‌కు వాడే పాత మాట రాచపుండులోని 'రాచ' రాచబాటలో లాగా పెద్దదనే అర్థంలో వచ్చింది.

వీటి మధ్య తేడా మన పల్లెల్లో ఒక్క క్రియతో చెప్పేవాళ్లు: 'పండింది'. సెగగడ్డ ఎర్రబడుతుంది, సలుపుతుంది, పండుతుంది, పగిలి చీము పోతుంది. కంతి పండదు. ఇదేదో మోటు మాట అనుకోకండి. అర్బుదానికి, అంటే ట్యూమర్‌కు, ప్రాచీన వైద్యుడు సుశ్రుతుడు చెప్పిన లక్షణాలు చూడండి: గుండ్రంగా, కదలకుండా, నొప్పి తక్కువగా, లోతుగా వేళ్లూని, నెమ్మదిగా పెరుగుతుందని చెబుతూ చివర 'అపాకం' అన్నాడు. అంటే పండనిది. చీము పట్టే గడ్డనూ ట్యూమర్‌నూ వేరుచేయడానికి ఆయన ఎంచుకున్న గుర్తు, మన ముసలమ్మలు ఎంచుకున్న గుర్తు ఒకటే. మలయాళంలో ఈనాటికీ కాన్సర్‌ను అర్బుదమనే అంటారు. (అర్బుదం పది కోట్ల సంఖ్య కూడా. ఆబూ పర్వతం పేరూ అదే.)

మీ నాన్నగారి జబ్బు ఈ గుర్తుకు చిక్కదు. అది అర్బుదంలా మెల్లగా, పెద్దగా నొప్పి లేకుండా పెరుగుతుంది. గడ్డలాగా చీమూ కారుస్తుంది. ఇక్కడే మీ నాయనమ్మగారి మాట అక్కరకొస్తుంది.

పుట్టకురుపులోని 'పుట్ట' చీమలపుట్ట, పాములపుట్టలోని పుట్టే. 'పుట్టు' క్రియతో దీన్ని ముడిపెట్టి పుట్టుకతో వచ్చిన కురుపని చెప్పినవాళ్లను చూశాను. అది సరికాదు. తమిళంలో చుఱ్ఱు మనకు చుట్టు అయింది, పఱ్ఱు పట్టు అయింది. ఆ వరసలోనే వాళ్ల పుఱ్ఱు మన పుట్ట. వాళ్లు దాన్ని 'పుట్రు' అని పలుకుతారు. కన్నడంలో పకారం హకారమై 'హుత్త' అయింది. తమిళంలో కాన్సర్‌ను ఏమంటారో తెలుసా? పుఱ్ఱునోయ్, అంటే పుట్టజబ్బు. ఒంటిమీద మట్టిదిబ్బలా పైకి లేచి పగిలే కంతిని చూసి పెట్టిన పేరు. మన పుట్టకురుపుకు కాన్సర్ అనే అర్థం కూడా ఈ పోలికతోనే వచ్చింది.

ఇంతటితో ఆగితే మీ బంధువులే గెలిచేవారు. కానీ సుశ్రుతుడు తన గ్రంథంలో జబ్బుల లక్షణాలు చెప్పే నిదానస్థానంలో, అర్బుదంతో సంబంధం లేకుండా, క్షుద్రరోగాల్లో (చిన్న జబ్బుల్లో) 'వల్మీకం' అని ఒక జబ్బును విడిగా చెప్పాడు. వల్మీకమంటే పుట్ట. వాల్మీకి పేరులో ఉన్నది అదే. అది అరచేతిలో, అరికాలిలో, కీళ్ల దగ్గర, మెడమీద వస్తుందన్నాడు. 'గ్రంథిర్వల్మీకవద్యస్తు శనైః సముపచీయతే': పుట్టలాగా మెల్లమెల్లగా పోగుపడే గడ్డ. దానికి ఎన్నో నోళ్లుంటాయి, అవి చెమ్మగిల్లుతాయి, దురద పెడతాయి, మండుతాయి. ఈ వర్ణనలో మైసెటోమాను గుర్తుపట్టిన వైద్యులున్నారు. నాకు కూడా అలాగే తోస్తుంది.

చిన్నప్పుడు మా ఊళ్లో గొడ్లు కాసే ఒకాయన పాదం చూశాను. మడమనుంచి వేళ్లదాకా ఉబ్బి ఉండేది. మీద అక్కడక్కడ చిన్న బొడిపెలు, ఒక్కోదానికి ఒక్కో రంధ్రం. ఒకటి మానితే పక్కన ఇంకోటి తెరుచుకునేది. గుడ్డతో తుడిస్తే జిగటలో నల్లటి గింజలు వచ్చేవి, గసగసాలంత. పుట్టకు పైన కనిపించేది మట్టే, పని అంతా లోపల జరుగుతుంది. ఈ జబ్బూ అంతే, చర్మం కింద దారులు తొలుచుకుంటూ ఎముకదాకా పోతుంది. పేరు పెట్టినవాడు పాదం పక్కన కూర్చుని చాలాసేపు చూసి ఉంటాడు.

ఈ జబ్బుకు ఇంగ్లీషు వైద్యంలో మొదటి గుర్తింపు కూడా మన దక్షిణాదిలోనే. 1842లో మదురైలో జాన్ గిల్ అనే వైద్యుడు దీన్ని వర్ణించాడు. 'మదురా ఫుట్' అన్న పేరు ఆ ఊరిదే. 1860లో బొంబాయిలో పనిచేస్తున్న హెన్రీ వాండైక్ కార్టర్ దీనికి మైసెటోమా అని పేరు పెట్టాడు. వైద్యవిద్యార్థులు చదివే 'గ్రేస్ అనాటమీ' బొమ్మలు గీసింది ఆయనే. గ్రీకులో 'మ్యూకేస్' అంటే పుట్టగొడుగు. పుట్టమీద గొడుగులా లేచేది కాబట్టి మనం పుట్టగొడుగన్నాం. సుశ్రుతుడికి పుట్ట కనబడింది, కార్టర్‌కు పుట్టగొడుగు కనబడింది! ఇద్దరికీ ఒకరి మాట ఒకరికి తెలిసి ఉండదు. కాకతాళీయమే, ఒప్పుకుంటాను. అయినా తలుచుకున్నప్పుడల్లా ఒళ్లు పులకరిస్తుంది.

అయితే కార్టర్ పెట్టిన పేరు సగమే నిజం. ఈ జబ్బు రెండు రకాలు. ఒకటి శిలీంధ్రాల వల్ల, అంటే పుట్టగొడుగు జాతికి చెందిన ఫంగస్ వల్ల వస్తుంది, ఇంకోటి బాక్టీరియా వల్ల. రాజస్థాన్ వైపు మొదటిది ఎక్కువ, మన దక్షిణాన రెండోది ఎక్కువ. పైకి రెండు పాదాలూ ఒకలాగే ఉంటాయి. ఒక పెథాలజిస్టు మిత్రుడు నాకు మైక్రోస్కోపులో ఒక స్లైడు చూపించాడు. గులాబీ, ఊదా రంగుల మధ్య గుండ్రటి గింజ, దాన్ని ముట్టడించినట్టు చుట్టూ చీముకణాలు. ఆ గింజలో పోగులు లావుగా ఉంటే శిలీంధ్రం, సన్నగా ఉంటే బాక్టీరియా అని చెప్పాడు. గింజ నల్లగా ఉంటే శిలీంధ్రమేనట. తెల్లగా, పసుపుగా ఉంటే రెండింటిలో ఏదైనా కావచ్చు. బాక్టీరియాదైతే యాంటీబయాటిక్స్‌కు బాగా లొంగుతుంది. శిలీంధ్రానిదైతే నెలల తరబడి మందులు, ఒక్కోసారి ఆపరేషన్. కాబట్టి రిపోర్టులో మీరు వెతకాల్సింది 'ఓమా'ను కాదు, ఈ రెండింటిలో ఏదో. అది రాయకపోతే డాక్టరుగారిని అడగండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో దీన్ని నిర్లక్ష్యానికి గురైన ఉష్ణమండల వ్యాధుల జాబితాలో చేర్చింది. చెప్పుల్లేకుండా పొలానికి పోయే పేదల జబ్బు కాబట్టే అంతకాలం ఎవరికీ పట్టలేదు.

ఇక తీర్పు. మన పాత మాటలు ఆకారాన్ని చూసి పుట్టాయి, రిపోర్టులో మాట కారణాన్ని చెబుతుంది. అందువల్ల ఒకదానికి ఒకటి అచ్చంగా సరిపోవు. మైసెటోమాను కణితి అనకండి, అది ట్యూమర్‌కు స్థిరపడిపోయింది. ఏ వాపు కనబడినా 'అరుదైన కణితి' అని శీర్షిక పెట్టే విలేకరులకూ ఇదే మనవి. గడ్డ అనడంలో తప్పు లేదు. పుట్టకురుపు అనే మాట మీ నాన్నగారి పాదానికి అతికినట్టు సరిపోతుంది. కానీ చాలామంది దాన్ని కాన్సరనే వింటారు, ఆ భయాన్ని నేను కొట్టిపారేయలేను. 'పుట్టపాదం' అని కొత్తగా అందామని నాకు ఎప్పటినుంచో ఉంది. అయితే అమరకోశంలో 'పాదవల్మీకం' అంటే శ్లీపదం, అంటే మన బోదకాలు. ఒక గందరగోళం తీర్చబోయి ఇంకోటి తెస్తానేమోనని జంకుతున్నాను. ప్రస్తుతానికి మైసెటోమా అనే రాసి, కాన్సర్ కాదు, అంటదు అని పక్కనే చెప్పండి.

మీ నాయనమ్మగారిని ఒక్కటి అడిగి నాకు రాయండి. ఆ రంధ్రాల్లోంచి వచ్చే గింజలకు ఆవిడ చిన్నతనంలో ఏమైనా పేరు ఉండేదా? మా ఊళ్లో ఉండే ఉంటుంది, అప్పుడు అడగాలని నాకు తోచలేదు.