ఇసుక 'ద్రవీకృతం' అవుతుందా?

సందేహం: ఊక బాయిలర్ ఆపరేటర్ల కోసం తెలుగులో గైడు రాస్తున్నాను. బాయిలర్‌లో గాలితో తెర్లే ఇసుక పొర అయిన ఫ్లూయిడైజ్డ్ బెడ్‌ని 'ద్రవీకృత పడక' అనీ, చిన్న ప్లాంటు నుంచి పెద్దదానికి వెళ్లే స్కేల్ అప్‌ని 'విస్తరణ' అనీ రాశాను. మా ఇంజినీరు గారు రెండూ కొట్టేశారు. తప్పేముందండీ?

సమాధానం: మీ ఇంజినీరు గారిదే సరి, వ్యాకరణం కూడా ఆయన వైపే ఉంది. ఒకటి కానిది అదిగా మారితే వచ్చే ప్రత్యయాన్ని సంస్కృతంలో చ్వి అంటారు, కాబట్టి ద్రవం కానిది ద్రవమైతేనే ద్రవీకృతం. వంటగ్యాస్‌ని ఒత్తిడితో ద్రవం చేసి సిలిండర్‌లో నింపుతారు, అక్కడ ఆ మాట చక్కగా సరిపోతుంది. మీ బాయిలర్‌లో జరిగేది వేరు. అడుగున నాజిల్స్‌లోంచి గాలి కొడుతుంది, వేగం పెంచేకొద్దీ బెడ్ కిందికీ పైకీ మధ్య పీడనం తేడా పెరుగుతూ పోయి, ఇసుక బరువును మోయగలిగినంత అయ్యాక దాదాపు అక్కడే ఆగిపోతుంది, అప్పటినుంచి ఇసుక ఎసరు తెర్లినట్టు తెర్లుతుంది. రేణువులు మాత్రం ఘనంగానే ఉంటాయి. ద్రవాలకూ వాయువులకూ కలిపి ఇంటర్ ఫిజిక్స్‌లో 'ప్రవాహి' అనే మాట ఉందిగా, ఇసుక ఆ ప్రవాహిలా నడుస్తోంది, అంతే. అందుకే పాఠ్యపుస్తకానికైతే ప్రవాహీకృత స్తరం అనండి.

ఆపరేటర్ గైడులో ఈ తేడా ఇంకా ముఖ్యం. బెడ్ మామూలుగా 800-900 డిగ్రీల సెల్సియస్ మధ్య నడుస్తుంది. అది దాటిపోతే బూడిద మెత్తబడి, ఇసుకకు అంటుకుని గట్టి గడ్డలు (క్లింకర్) కడుతుంది, గాలి దారులు మూసుకుపోయి బెడ్ తెర్లడం ఆగిపోతుంది, బాయిలర్ ఆపాల్సిందే. అంటే అక్కడ నిజంగా ఏదైనా కరిగిందంటే ప్రమాదం. 'బెడ్ ద్రవీకృతమయ్యేలా చూడండి' అని రాస్తే కొత్త కుర్రాడు ఏమనుకోవాలి? షిఫ్టులో అందరూ అనే 'ఫ్లూయిడైజ్ కావడం' అనే రాసెయ్యండి.

'విస్తరణ' కూడా వద్దు. గాలి కొట్టగానే బెడ్ ఉబ్బి ఎత్తు పెరుగుతుంది, దాన్నే బెడ్ విస్తరణ అంటాం, రెండూ కలిసిపోతాయి. పైగా స్కేల్ అప్ అంటే ఉన్నదాన్ని సాగదీయడం కాదు. సన్నటి గొట్టంలో బుడగల సైజును గోడలు అదుపు చేస్తాయి, వెడల్పాటి పాత్రలో అవి పెద్దవై వేగంగా పైకి పోతాయి, వాటిలోని గాలి రేణువులను సరిగ్గా తాకకుండానే జారిపోతుంది. చిన్న ప్లాంటు లెక్కల్ని హెచ్చవేస్తే పెద్దది రాకపోవడానికి ఇదో కారణం. 'పెద్ద స్థాయికి మార్చడం' అంటే చాలు.

ఇక పడక మనుషులకే ఉండనివ్వండి, గైడులో బెడ్ అనే రాయండి.