బర్మాలో పోయిన ముత్తాతని తలుచుకోవాలంటే

చిరంజీవి అమ్మడికి,

గుంటూరు నుంచి పెదతాత ఆశీస్సులు. రెండో ప్రపంచ యుద్ధంలో బర్మాలో పోయిన మీ ముత్తాతకి ఊరి సెంటర్లో విగ్రహం పెట్టిద్దామని మీ నాన్న, బాబాయిలు చందాలు మొదలెట్టారని రాశావు. బెజవాడలో ఉద్యోగం చేసుకుంటూ ఇలాంటి పని నెత్తినేసుకున్నందుకు సంతోషం. కానీ తెనాలి వెళ్ళి శిల్పికి అడ్వాన్స్ ఇచ్చే ముందు నా మాట కాస్త వినండి. ఫోటో లేని మనిషిని చేయమంటే ఆ శిల్పి మాత్రం ఏం చేస్తాడు? ఇప్పటి జవాను యూనిఫాం తొడిగి, ఈ కాలపు తుపాకీ ఒకటి చేతికిచ్చి, ఎవరిదో మొహం పెడతాడు. ఆవిష్కరణ రోజు ఫ్లెక్సీ మీద నాయకుల బొమ్మలే పెద్దగా ఉంటాయి. అందులో మీ ముత్తాత ఎక్కడున్నట్టు? ముందు ఆయన పేరు, సిపాయి నంబరు, యూనిట్, పోయిన తేదీ, చోటు తేల్చుకో. విగ్రహం ఎక్కడికీ పారిపోదు.

వెతకడం ఇంట్లోనే మొదలుపెట్టు. మెడల్స్ కోసం బీరువాలన్నీ తిరగెయ్యకు, చాలా ఇళ్ళల్లో అవి ఎప్పుడో పాతసామాన్లవాడి తక్కెట్లోకి పోయాయి. కాగితాలు చూడు. మీ ముత్తవ్వ పింఛను పుస్తకం, మనియార్డరు రసీదులు, పొలం దస్తావేజుల మధ్య ఇరుక్కుపోయిన ఇంగ్లీషు ఉత్తరం, ఏదైనా సరే. ఒక్క నంబరు దొరికితే సగం పని అయినట్టే.

తర్వాత మీ నాయనమ్మని కూర్చోబెట్టి అడుగు. ‘ముత్తాతగారి వీరత్వం గురించి చెప్పు’ అన్నావంటే ఆవిడ చెప్పలేదు, మామగారిని ఆవిడ చూసిందే లేదు కదా. వాళ్ళ అత్తగారి గురించి అడుగు. పోయినట్టు కబురు ఎవరు తెచ్చారు? తెచ్చాక కూడా ఆవిడ ఎన్నాళ్ళు బొట్టు తియ్యలేదు? 1942లో బర్మా నుంచి వెనక్కి వచ్చే గందరగోళంలో ముందు ‘ఆచూకీ లేదు’ అన్న మాటే చాలా ఇళ్ళకి చేరింది. ‘లేడు’ అన్న మాట చాలా ఆలస్యంగా వచ్చింది. ఆ మధ్యకాలం ఆ ఇల్లు ఎలా గడిచిందో ఏ రికార్డులోనూ ఉండదు, మీ నాయనమ్మ దగ్గరే ఉంటుంది. ఫోన్లో రికార్డు చెయ్యి, కానీ ఫోన్ తీసుకెళ్ళి ఆవిడ మొహం ముందు పెట్టకు.

ఇక రికార్డులు. ఢిల్లీలో 2019లో కట్టిన జాతీయ యుద్ధ స్మారకంలో స్వాతంత్ర్యం తర్వాత పోయినవాళ్ళ పేర్లే ఉంటాయి. ఇండియా గేట్ మీదవి మొదటి ప్రపంచ యుద్ధం నాటివి, 1919 అఫ్ఘాన్ యుద్ధం నాటివి. కాబట్టి ఆ రెండు చోట్లా వెతక్కు. నీకు కావలసింది కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్. 1917 నుంచి ఉన్న సంస్థ. రెండు ప్రపంచ యుద్ధాల్లో పోయిన దాదాపు 17 లక్షల మంది వివరాలు వాళ్ళ దగ్గర ఉన్నాయి. ఆన్‌లైన్లో వెతకడానికి పైసా కట్టక్కర్లేదు. లండన్ నుంచి నష్టపరిహారం ఇప్పిస్తామని ఎవరైనా ఫోన్ చేస్తే పెట్టేసెయ్యి.

నేను మిలటరీ రికార్డ్స్ ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరైనవాణ్ణి కాబట్టి ఈ సంగతి గట్టిగా చెప్తాను. ఇంటిపేరు కొట్టి, దొరకలేదని వదిలేయకు. భర్తీ చేసుకునే చోట మన పేర్లు చెవికి ఎలా వినపడితే అలా రాసేవాళ్ళు. ఇంటిపేరు ఎగిరిపోయేది, వెంకయ్య నాలుగు రకాలుగా మారేవాడు. అందుకని తండ్రి పేరు, భార్య పేరు, ఊరు పెట్టి వెతుకు. చాలా ఎంట్రీల్లో ‘ఫలానావారి కొడుకు, ఫలానా ఊరు, గుంటూరు’ అని ఉంటుంది. అప్పటికి ఒంగోలు, చీరాల కూడా గుంటూరు జిల్లాలోనివే, ప్రకాశం జిల్లా వచ్చింది 1970లో. మీ ముత్తవ్వ పుట్టిల్లు కృష్ణా జిల్లా కాబట్టి అటువైపూ చూడు. కృష్ణాని ‘కిస్ట్నా’ అనీ, విజయవాడని ‘బెజవాడ’ అనీ రాసేవాళ్ళు.

పేరు దొరికాక అది ఏ స్మారకం మీద ఉందో జాగ్రత్తగా చదువు. యాంగోన్‌కి, అంటే అప్పటి రంగూన్‌కి, ఉత్తరాన టౌక్యాన్‌లో యుద్ధ శ్మశానం ఉంది. అక్కడి రంగూన్ మెమోరియల్ మీద దాదాపు 27,000 పేర్లున్నాయి. వాళ్ళకి తెలిసిన సమాధి ఏదీ లేదు. అదే ఆవరణలో దహన స్మారకం ఒకటి వేరే ఉంది. అందులో వెయ్యి మందికి పైగా, తమ మతాచారం ప్రకారం దహనం జరిగినవాళ్ళు. మీ ముత్తాత పేరు అక్కడ గనక కనిపిస్తే మీ నాయనమ్మకి ఆ రోజే ఫోన్ చేసి చెప్పు. దిక్కులేకుండా పోయాడని ఆ ఇంట్లో మూడు తరాలుగా బాధపడుతున్నారు. పక్కనున్నవాళ్ళెవరో కట్టెలు పేర్చారని తెలియడం చిన్న సంగతి కాదు.

యూనిట్ పేరు చూసి నిరుత్సాహపడకు. మనవాళ్ళు చాలామంది రోడ్లు వేశారు, వంతెనలు కట్టారు, లారీలు నడిపారు, సామాన్లు మోశారు. 1943లో గాయంతో వెనక్కి పంపిన సైనికుడు ఒక్కడుంటే, జబ్బుతో పంపినవాళ్ళు 120 మంది అని అక్కడ సైన్యాన్ని నడిపిన జనరల్ స్లిమ్ రాశాడు. మలేరియాతో పోయాడని తేలితే అలాగే చెప్పండి. బాంబు కథ అల్లొద్దు.

ఊళ్ళో కుర్రాళ్ళు ఎవరో ఒకరు ‘బ్రిటిష్ వాడి కోసం పోయినోడికి స్మారకమెందుకు’ అంటారు. వాదన పెట్టుకోకు. ఆ యుద్ధంలో భారత సైన్యం 25 లక్షలకి పైగా చేరింది, అంతా స్వచ్ఛందంగా చేరినవాళ్ళే అని లెక్క. మన పల్లెల్లో ఆ స్వచ్ఛందం అంటే చాలావరకు నెలనెలా వచ్చే మనియార్డరే. ఆయన్ని స్వాతంత్ర్య సమరయోధుణ్ణి చెయ్యక్కర్లేదు, సిగ్గుపడక్కర్లేదు.

తద్దినం సంగతి అడిగావు. రికార్డులో తేదీ దొరికితే పాత పంచాంగం చూసి తిథి కట్టించవచ్చు. కానీ ఇన్నేళ్ళుగా ఇంట్లో పెడుతున్న తిథిని మార్చొద్దని నా అభిప్రాయం, ఆ తిథి మీ ముత్తవ్వ పెట్టుకున్నది. ఆయుధం దెబ్బకి పోయినవాళ్ళకి మహాలయ పక్షంలో చతుర్దశి నాడు శస్త్రహత మహాలయం పెడతారు. అది వర్తిస్తుందో లేదో మీ పురోహితుణ్ణి అడిగి, ఆ రోజు కృష్ణ ఒడ్డున తర్పణం వదలండి.

ఆ చందాలతో నేనైతే ఊరి బడి గోడకి ఒక రాతిపలక పెట్టిస్తాను. రంగూన్ మెమోరియల్ మీద అంకితవాక్యం ఇంగ్లీషు, బర్మీస్, హిందీ, ఉర్దూ, గురుముఖిలో ఉంది, తెలుగులో లేదు. కాబట్టి ఇక్కడ ఆయన పేరు ఇంటిపేరుతో సహా తెలుగులో చెక్కించండి. తండ్రి పేరు, నంబరు, యూనిట్, పోయిన చోటు, తేదీ. కింద మీ ముత్తవ్వ పేరు కూడా. పిల్లల్ని పెంచి పొలం నిలబెట్టింది ఆవిడే. విశేషణాలు వద్దు, చెక్కేవాడు అక్షరానికింత అని తీసుకుంటాడు.

బర్మా వెళ్తానన్నావు. ఇప్పుడక్కడ పరిస్థితులు బాగాలేవు, ఆగు. వచ్చే ఆదివారం గుంటూరు వచ్చేటప్పుడు దొరికిన కాగితాలన్నీ కవర్లో పెట్టుకురా. లామినేషన్ మాత్రం చేయించొద్దు. నంబరు ఉంటే రెజిమెంట్ రికార్డ్స్ ఆఫీసుకి దరఖాస్తు ఇద్దరం కూర్చుని రాద్దాం. జవాబు రావడానికి నెలలు పట్టొచ్చని మీ బాబాయిలకి ముందే చెప్పి ఉంచు.

ఇట్లు,
పెదతాత