అలరాజుకి పెట్టిన విషం మా టేబుల్ మీద పారలేదు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. కాకతీయుల కాలంలో మోటుపల్లి రేవులో దిగే ఓడ వర్తకుల మీద మీరొక, టేబుల్ చుట్టూ కూర్చుని పాచికలేస్తూ తలో పాత్రా ఆడే టేబుల్‌టాప్ ఆర్‌పీజీ రాస్తున్నారు. మీ స్నేహితులేమో "మోటుపల్లిని తీసెయ్, రూల్స్ ఏ లోకానికైనా సరిపోయేలా రాయి, అప్పుడే నలుగురూ ఆడతారు" అంటున్నారు. ఎవరి మాట వినాలి అని.

మోటుపల్లిని తీసెయ్యొద్దు. ఊళ్ల పేర్లూ రాజుల వంశావళీ రూల్స్‌లో లేకపోయినా నష్టం లేదు. కానీ అక్కడి మనుషులు దేనికి భయపడతారు, దేనికి తెగిస్తారు అన్నది మాత్రం రూల్స్‌లో ఉండి తీరాలి. ఒకే కథని మూడు రకాల రూల్స్‌తో నడిపి, రెండుసార్లు బోర్లాపడ్డాక నాకీ సంగతి తలకెక్కింది.

మా అమ్మమ్మ వాళ్లది కారెంపూడి పక్క ఊరు. చిన్నప్పుడు కార్తీక అమావాస్యకి వీరుల తిరునాళ్లకి తీసుకెళ్లేవాళ్లు. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు అని రోజుకో పేరుతో అయిదు రోజులు సాగుతుంది. అప్పట్లో నా ధ్యాసంతా జీళ్ల మీదే. పెద్దయ్యాక గేమ్ మాస్టర్, అంటే ఆట నడిపే మనిషి, కళ్లతో చూస్తే, ఎవరో ఆటలో సాగే కథని, అంటే క్యాంపెయిన్‌ని అయిదు సెషన్లుగా కోసి చేతికిచ్చినట్టే అనిపించింది. కథ తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు: 12వ శతాబ్దం. గురజాలలో నలగామరాజు, ఆయన పక్కన నాగమ్మ. మాచర్లలో మలిదేవుడు, ఆయన పక్కన బ్రహ్మనాయుడు. కోడిపందెంలో మాచర్ల వాళ్లు ఓడి ఏడేళ్లు ఊరొదిలి పోతారు. గడువు తీరాక రాజ్యం అడగడానికి అలరాజుని రాయబారం పంపితే, అతను విషానికి బలవుతాడు. ఆ తర్వాత నాగులేటి ఒడ్డున యుద్ధం.

దీన్ని నేను మొదట డంజన్స్ అండ్ డ్రాగన్స్ అయిదో ఎడిషన్‌తో నడిపా. అందరి దగ్గరా ఉన్న పుస్తకం అదే. హైదరాబాద్‌లో మా ఫ్లాట్‌లో, ఆదివారం మధ్యాహ్నాలు, మా తమ్ముడు, ఇద్దరు ఆఫీసు స్నేహితులు, మా ఆయన. వీళ్లంతా అలరాజు వెంట వెళ్లే పరివారం. మా ఆయన మాచర్ల చెన్నకేశవస్వామి గుడి పూజారి, అంటే రూల్స్ లెక్కలో క్లెరిక్, దేవుడి శక్తితో మంత్రాలు వేసే పాత్ర.

ఆ విందు ఘట్టం కోసం మూడు వారాలు కసరత్తు చేశాను. అరిటాకులు వేయించా, దీపాలు పెట్టించా, వడ్డించేవాడి చెయ్యి వణుకుతోందని చెప్పా. మా ఆయన చెయ్యెత్తి, "ఒక్క నిమిషం ఉండు. ప్యూరిఫై ఫుడ్ అండ్ డ్రింక్ వేస్తున్నా" అన్నారు.

"ఎందుకు?"

"ఊరికే. పూజారిని కదా, ఔపోసన పట్టొద్దూ?"

అది ఒకటో లెవెల్ స్పెల్, అంటే చిన్న మంత్రం. చుట్టూ అయిదడుగుల మేర అన్నంలో, నీళ్లలో ఉన్న విషమంతా విరిగిపోతుంది. పది నిమిషాలు ఎక్కువ కూర్చుని తంతుగా చేస్తే స్పెల్ స్లాట్ (రోజుకి ఇన్ని మంత్రాలే అన్న లెక్క) కూడా ఖర్చు కాదు. విస్తరి ముందు పూజారి పది నిమిషాలు మంత్రం చదివితే పల్నాడులో ఎవరైనా తప్పు పడతారా? అందరూ పడీపడీ నవ్వారు, నేను కూడా. పట్టుదల కొద్దీ, బయటికి వచ్చేటప్పుడు అలరాజుని కత్తితో పొడిపించా. ప్రాణం పోయి నిమిషం కాకుండానే రివివిఫై, చచ్చినవాణ్ణి లేపే మంత్రం. దానికి 300 బంగారు నాణేల వజ్రం కావాలి కదా అంటే, "కొల్లూరు ఇక్కడికెంత దూరం?" అని మా తమ్ముడు. కొల్లూరు పేరు వజ్రాలకి మోగింది వందల ఏళ్ల తర్వాతరా అని మొత్తుకున్నా ఎవరూ వినలేదు. అలరాజు బతికాడు. అయిదో సెషన్‌లో పల్నాటి యుద్ధం రాజీతో ముగిసింది.

తప్పు ప్లేయర్లది కాదు, ఆ రూల్స్‌దీ కాదు. ఆ రూల్స్‌కి ఒక లోకం ముందే కడుపులో ఉంది, నేనే చూసుకోలేదు. డీ అండ్ డీ మొదటి పెట్టె 1974లో వచ్చినప్పుడు దాంతో ప్రత్యేకంగా ఏ సెట్టింగూ, అంటే కథ జరిగే లోకమూ, ఇవ్వలేదు. గ్రేహాక్ పేరుతో ఒక లోకాన్ని విడిగా అచ్చేసి అమ్మింది 1980లో. మరి అంతవరకు అది ఏ లోకానిదీ కాదా? సొరంగంలోంచి తెచ్చిన ఒక్కో బంగారు నాణేనికి ఒక్కో ఎక్స్‌పీరియన్స్ పాయింట్ ఇచ్చేవారు. అంటే కత్తి దూసినవాడికన్నా సద్దు చెయ్యకుండా మూట కట్టుకొచ్చినవాడే త్వరగా పైకొస్తాడు. మంత్రాన్ని ముందే నెమరేసుకుని, ఒకసారి చదివాక మర్చిపోవడమన్న పద్ధతేమో జాక్ వాన్స్ 1950 నాటి కథల్లోంచి వచ్చింది. ఏ పటమూ లేని రోజుల్లోనే ఆ రూల్స్‌లో ఒక బతుకు ఉంది: దిగు, తెచ్చుకో, తిని పడుకో, మళ్లీ దిగు. అయిదో ఎడిషన్‌లోనైతే రాత్రి నిద్రపోతే చాలు, తెల్లారేసరికి దెబ్బలన్నీ మాయం. ఇలాంటి చోట చావుకి తెగించి కారెంపూడి వెళ్లేవాడి తెగింపుకి విలువేముంటుంది?

రెండోసారి మీ స్నేహితులు చెప్పిన దారే పట్టా. 1986 నుంచి ఉన్న గర్ప్స్. స్టీవ్ జాక్సన్ గేమ్స్ వాళ్లది, ఏ కాలానికైనా ఏ లోకానికైనా అని చెప్పే రూల్స్. అది చెడ్డదని నేననను. కావలసినవన్నీ అందులో ఉన్నాయి. మాట మీద నిలబడేవాడికి కోడ్ ఆఫ్ ఆనర్, వ్రతం పట్టినవాడికి వౌ, అన్నీ. కాకపోతే అవి లోపాల జాబితాలో ఉంటాయి, పుచ్చుకుంటే నైపుణ్యాలు కొనుక్కునే పాయింట్లు తిరిగొస్తాయి. పెద్ద వ్రతానికి పది పాయింట్లు, మరీ కఠోరమైనదానికి పదిహేను. మా తమ్ముడు క్యారెక్టర్ రాసుకుంటూ, "అక్కా, ఇంకో అయిదు పాయింట్లు తక్కువయ్యాయి, ఏదో ఒక ఒట్టు పెట్టుకోనా?" అని అడిగాడు. అంతే, ఆ రాత్రికే నాకు ఆట మీద మనసు విరిగింది. బ్రహ్మనాయుడి మనుషులు ఒట్టు పెట్టేది కత్తి స్కిల్ కొనుక్కోవడానికా! అన్ని సామాన్లూ దొరికే కొట్టది. కానీ ఏది వండాలో, ఏది గడప దాటనివ్వకూడదో చెప్పే పని మొత్తం నా నెత్తిన పడింది. ఏవి వాడొచ్చు, ఏవి వాడకూడదు అని నేను రాసిన చిట్టా నలభై పేజీలైంది. ఆ చిట్టానే అసలు సెట్టింగ్ రూల్స్ అని అప్పటికి తట్టలేదు.

మూడోది పెండ్రాగన్. దీని పుట్టుక మీ ప్రశ్నకి నేరుగా సంబంధించింది కాబట్టి కొంచెం చెప్పనివ్వండి. 1978లో కేయోసియం సంస్థ రూన్‌క్వెస్ట్ వేసింది. అది గ్రెగ్ స్టాఫర్డ్ కల్పించిన గ్లోరాంథా లోకానికి కట్టిన ఆట. రెండేళ్లకి ఆ లోకాన్ని ఊడదీసి, మిగిలిన రూల్స్ ఇంజన్‌ని బేసిక్ రోల్‌ప్లేయింగ్ పేరుతో పల్చటి పుస్తకంగా తెచ్చారు. మీ స్నేహితులు అడుగుతున్నది సరిగ్గా అదే. కానీ జనాన్ని కట్టిపడేసింది ఆ పల్చటి పుస్తకం కాదు. 1981లో అదే ఇంజన్‌కి మతి తప్పడాన్ని లెక్కగట్టే శానిటీ అనే కొత్త అంగాన్ని తగిలించి చేసిన కాల్ ఆఫ్ క్థుల్హూ. తర్వాత 1985లో స్టాఫర్డ్ ఆ కుదురులోంచే ఆర్థర్ రాజు కథల కోసం పెండ్రాగన్ రాశాడు. ఊడదీసిన ఇంజన్‌కి ప్రతిసారీ ఒక లోకాన్ని కొత్తగా కుట్టాకే ప్రాణం వచ్చింది.

పెండ్రాగన్ నిలువెల్లా బ్రిటన్ ఆట. దాన్ని పల్నాడుకి తేవడం పిచ్చిపనే అనుకున్నా. తీరా చూస్తే మూడింటిలోకీ తేలిగ్గా ఒదిగింది అదే. అందులో ప్రతివాడి షీట్ (పాత్ర వివరాల కాగితం) మీదా పదమూడు జతల గుణాలుంటాయి: క్షమ–పగ, దయ–క్రూరత్వం, అణకువ–గర్వం ఇలా. జతలో రెండూ కలిపి ఇరవై. క్షమ 6 అయితే పగ 14. ఏదైనా 16కి చేరిందంటే, సమయం వచ్చినప్పుడు ప్లేయర్ తప్పించుకోలేడు, ఇరవై ముఖాల పాచిక వెయ్యాల్సిందే. గుణం అంకెకి లోపల పడితే ఆ గుణమే గెలిచినట్టు. నేను "గర్వం" కొట్టేసి "పౌరుషం" అని రాశా. ఒక్క మాట మారేసరికి అందరూ ఆ గడిలో అంకె పెంచుకోవడం మొదలుపెట్టారు.

కోడిపోరు సెషన్. మాచర్ల పుంజు ఓడింది. గెలిచినవాళ్లు ఆ ఓడిన పుంజునే కోసి, కూర వండించి, గిన్నె మీద ఆకు కప్పి వీళ్ల విడిదికి పంపారు. మా తమ్ముడి క్యారెక్టర్‌కి పౌరుషం 17. వాడు తెలివైనవాడు, "నవ్వి ఊరుకుంటా అక్కా, ఇప్పుడు గొడవైతే మనకే నష్టం" అన్నాడు. పాచిక వెయ్యమన్నా. 9 పడింది. అర నిమిషం ఎవరూ మాట్లాడలేదు. వాడు ఆ అంకె వంకే చూస్తూ, "గిన్నె తీసుకెళ్లి వాళ్ల గడప మీద బోర్లిస్తా" అన్నాడు. నేను చెప్పలేదు, వాడికీ ఇష్టం లేదు. వాడు రాసుకున్న మనిషి ఊరుకోలేదంతే.

ఆ ఆటలో సాహసానికో ఏడాది గడుస్తుంది. ఏడాది చివర్లో చలికాలం పేరిట పొలం, పెళ్లి, పిల్లలు, ముసలితనం అన్నిటికీ పాచికలుంటాయి. చలికని కోటలో ముడుచుకు కూర్చునే రోజులు పల్నాడులో ఎక్కడివి? దాన్ని ఉగాది చేసేశాం. ఒక్కొక్కరికీ పంచాంగ శ్రవణంలా ఆదాయం, వ్యయం, రాజపూజ్యం, అవమానం అని నాలుగు అంకెలు. ఆదాయం 5, వ్యయం 11 పడినవాడి మొహం చూడాల్సిందే. నేను కొత్తగా రాసింది ముప్పావు పేజీ. గర్ప్స్ చిట్టాతో పోల్చుకోండి.

కుదరనివీ ఉన్నాయి. పెండ్రాగన్‌లో వీరుడంటే భూమీ పుట్టుకా ఉన్న నైట్. పల్నాటి సేనానుల్లో ఒకడు మాల కన్నమదాసు. అందరూ ఒకే చాప మీద కూర్చుని చాపకూడు తిన్న కథ ఇది. పుట్టుకని బట్టి వచ్చే అంకెలన్నీ పీకేశా. అవి ఉంటే కథకే అవమానం. బల్లెంతో గుర్రప్పోటీల పేజీలు తెరవనే లేదు. చివరికి మా తమ్ముడి మనిషి కారెంపూడిలో పడిపోయాడు. బతికించే మంత్రమేదైనా ఉందా అని ఎవరూ పుస్తకం వెతకలేదు. వాడు పాత ఉగాది లెక్కలు తిరగేసి, "వీడి కొడుక్కిప్పుడు ఎన్నేళ్లు?" అన్నాడు.

రాజుకీ మాటకీ కట్టుబడిన మనుషుల కోసం రాసిన రూల్స్ కాబట్టే అవి బ్రిటన్ నుంచి ఇక్కడికి రాగలిగాయి. అందుకే లోకానికీ రూల్స్‌కీ ముడి గట్టిగా వెయ్యడానికి భయపడకండి. మోటుపల్లి వర్తకుడి కోసం ఖచ్చితంగా రాస్తే, రేపెవరో దాన్ని అరబ్బు రేవుకో అంతరిక్ష నౌకకో వాళ్లే మార్చుకుంటారు. ఎవరికీ కాకుండా రాస్తే మార్చుకోవడానికి అందులో ఏముంటుంది?

మీ స్నేహితుల భయంలో నిజం లేకపోలేదు. లోకం గురించి వంద పేజీలు చదివితే గానీ ఆడలేని ఆటని ఎవరూ ముట్టుకోరు. 1975లోనే ఈ చిక్కు ఎంపైర్ ఆఫ్ ద పెటల్ త్రోన్‌కి వచ్చింది. రాసిన ఎం.ఏ.ఆర్. బార్కర్ మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఉర్దూ చెప్పిన ఆచార్యుడు. తన టెకుమెల్ లోకానికి భాషల్నే అల్లినవాడు. ఆ లోకంలో ఎవరికి ఎలా దణ్ణం పెట్టాలో తెలియక తల పోగొట్టుకోవచ్చు. ఆయన చేసిన ఉపాయం ఏమిటంటే, ప్లేయర్లందరినీ పరదేశులుగా చిన్న పడవలో రేవులో దించడం. ఏమీ తెలియకపోవడమే వాళ్ల పాత్ర. మీదీ రేవు కథే కదా, వాడేసుకోండి.

ఇక మీ ఆటకి ముడి ఎక్కడ వెయ్యాలో గణపతిదేవుడే చెప్పి పెట్టాడు. 1244 నాటి మోటుపల్లి అభయ శాసనం చదివే ఉంటారు. తుపానుకి ఓడ పగిలి ఒడ్డుకి కొట్టుకొస్తే, అంతకుముందు రాజులు సరుకంతా లాగేసుకునేవాళ్లట. ఈయన సుంకం తప్ప ఏమీ ముట్టనని రాతి మీద చెక్కించాడు. సుంకం ముప్పయ్యో వంతు. మీ ఆటని 1244కి కాస్త ముందు మొదలుపెట్టండి. షీట్ మీద "ఓడ ఒడ్డున పడితే" అని ఒక గడి పెట్టి, దాని ఎదురుగా "సర్వం రాజుది" అని అచ్చేయండి. తుపాను పాచిక పడ్డ ప్రతిసారీ వాళ్లు నడిసముద్రంలోనే ఉండిపోదామా, నేలకి పోదామా అని కొట్టుకుంటారు. నాలుగైదు సెషన్లయ్యాక శాసనం వేయించండి. ఆ గడి కొట్టేసి "ముప్పయ్యో వంతు" అని ప్లేయర్ల చేతే రాయించండి.