దుబాయ్ పెట్టె సర్దడానికి 92 వేలా?

ప్రశ్న: మాది హన్మకొండ. మావారిది ప్రైవేటు ఉద్యోగం, నేను ఇంట్లో ట్యూషన్లు చెబుతాను. ఇద్దరి సంపాదన కలిపి నెలకు 85 వేలు. మే 18 నుంచి 23 దాకా ఇద్దరు పిల్లలు, అత్తయ్యతో కలిసి దుబాయ్ వెళ్తున్నాం. టికెట్లు, వీసాలు, ఫోర్ స్టార్ హోటల్లో రెండు గదులు, ఉదయం టిఫిన్, ఎడారి సఫారీ కలిపి ప్యాకేజీ 3.4 లక్షలు. చీటీ ఎత్తి కట్టేశాం. ఆ చీటీకి ఇంకా 11 నెలలు, ప్రతి 20వ తేదీకి 15 వేలు కట్టాలి. అక్కడి ఖర్చులకు 60 వేలు పక్కన పెట్టాం. ఇప్పుడు తీసుకెళ్లాల్సిన సామాను రాసుకుంటే 92 వేలు తేలింది. కార్డు మీద 9 నెలల ఈఎంఐ పెడదామని మావారు అంటున్నారు. మా మరిది అక్కడే ఒక కంపెనీలో పనిచేస్తాడు, అతనికి పచ్చళ్లూ పొడులూ పట్టుకెళ్లాలి. ఏం చేయమంటారు?

జవాబు: మీ జాబితా రెండుసార్లు చదివాను. సూట్‌కేసులు రెండు 14 వేలు, బట్టలు 38 వేలు, బూట్లు, చెప్పులు 11 వేలు, కళ్లద్దాలు, టోపీలు 6 వేలు, సన్‌స్క్రీన్, క్రీములు 5,500, తినే సామాను 4,500, చిన్న వీడియో కెమెరా 13 వేలు. చూస్తే పెళ్లి షాపింగ్‌లా ఉంది తప్ప అయిదు రాత్రుల ప్రయాణానికి సర్దుకున్నట్టు లేదు.

ముందు ఆ ఈఎంఐ సంగతి చూద్దాం. మధ్యలో ఎత్తిన చీటీ అంటే అప్పే. ఇంకా 1.65 లక్షలు కట్టాలి మీరు. దాని మీద నెలకు 10,200 చొప్పున ఇంకో వాయిదా పడితే జీతంలో ఇంచుమించు 30 శాతం ప్రయాణానికే పోతుంది. మీరు తిరిగొచ్చిన రెండు వారాలకు బడి ఫీజులు ఎదురవుతాయి. ‘నో కాస్ట్ ఈఎంఐ’ అన్నా దాంట్లో ప్రాసెసింగ్ ఫీజు, వడ్డీ భాగం మీద 18 శాతం జీఎస్టీ మీ బిల్లులోనే పడతాయి. బట్టల షాపు బిల్లును తర్వాత ఈఎంఐగా మార్చుకుంటే మామూలు వడ్డీయే. మీవారితో ఇదే చెప్పండి: ఆ 92 వేలు మన దగ్గర లేవు, బ్యాంకు దగ్గర ఉన్నాయి.

ఇక సామాను. దుబాయ్ ఎండ గురించి మీకు భయం ఎక్కువగా ఉన్నట్టుంది. మే మూడో వారంలో అక్కడ పగలు 40 డిగ్రీలకు అటూ ఇటూ ఉంటుంది. రామగుండం ఎండలు చూసిన జిల్లాల వాళ్లకు ఇది కొత్త కాదు. తేడా రెండు చోట్ల వస్తుంది. సముద్రం పక్కన కాబట్టి ఉక్క, చెమట ఎక్కువ. లోపలికెళితే చలి. మాల్, మెట్రో, ట్యాక్సీ అన్నిచోట్లా ఏసీ బాగా పెంచి పెడతారు. మొదటిసారి మా అమ్మను తీసుకెళ్లినప్పుడు ఎండకని అరడజను నేత చీరలు సర్దాం, శాలువా ఒక్కటీ పెట్టలేదు. మధ్యాహ్నం రెండింటికి, బయట రోడ్డు పొగలు కక్కుతుంటే, మాల్‌లో ఆవిడ పమిట చెంగు రెండు భుజాల మీదుగా చుట్టుకుని వణికింది. అక్కడికక్కడ 120 దిర్హమ్‌లు పెట్టి శాలువా కొన్నాం. లెక్క సులువుగా ఉండటానికి దిర్హమ్ 25 రూపాయలు అనుకుంటే 3 వేలు. అలాంటివి ఇంట్లో బీరువాలో నాలుగున్నాయి.

కాబట్టి మనిషికో పల్చటి స్వెట్టర్ లేదా శాలువా, మే నెలలో మీరు ఇక్కడ రోజూ వేసుకునే వదులైన నూలు బట్టలు మూడు జతలు చాలు. రాత్రి ఉతికి బాత్‌రూమ్‌లో ఆరేస్తే పొద్దుటికి ఆరతాయి. హోటల్ లాండ్రీకి మాత్రం ఇవ్వకండి, అక్కడ ఒక్కో బట్టకు లెక్క కడతారు. ప్యాకేజీలో అబుధాబి పెద్ద మసీదు ఉంటే ఆడవాళ్లకు పొడుగు చేతుల డ్రెస్సు, తల కప్పుకోవడానికి చున్నీ కావాలి. కొత్తగా కొనక తప్పనివి ఈత దుస్తులు. నూలు టీషర్టుతో, నిక్కరుతో హోటల్ పూల్‌లోకి గానీ వాటర్ పార్కులోకి గానీ దిగనివ్వరు. మర్చిపోయి వెళితే అక్కడి దుకాణంలో, అక్కడి ధరకు కొనాలి. మీ నలుగురికీ కలిపి 3,600 వేయండి. ఇంట్లో లేని చొక్కాలు, కుర్తాలకు ఇంకో 4,900. బట్టలకు మొత్తం 8,500.

కొత్త బూట్లు వద్దు. కొత్తవి కరుస్తాయి, పైగా సఫారీలో ఇసుక నిండుతుంది. పాతవి బాగు చేయించి, అత్తయ్యకు మాత్రం మెత్తటి చెప్పులు తీసుకోండి, 1,500. అద్దాలు, టోపీలకు 2 వేలు. అద్దాల మీద యూవీ 400 అని ఉంటే చాలు, పేరున్న కంపెనీవే కానక్కర్లేదు. సన్‌స్క్రీన్ మనిషికొకటి ఎందుకు? ఇంటికి రెండు ట్యూబులు, 1,500. 100 మిల్లీలీటర్లు దాటిన సీసాలు చేతిబ్యాగులో రానివ్వరు, పెద్ద సామానులో పెట్టండి. కెమెరా పూర్తిగా కొట్టేశాను. ఇంట్లో రెండు మంచి ఫోన్లున్నాయి కదా.

సూట్‌కేసులు ఎవరినైనా అడిగి తెచ్చుకోండి. మీ వీధిలో అమెరికా వెళ్లొచ్చిన పిల్లల తల్లిదండ్రులు ఒక్కరైనా ఉంటారు, వాళ్ల అటక మీద రెండు పెట్టెలు ఖాళీగా పడుంటాయి. బదులుగా 500 పెట్టి తూకం వేసే చిన్న వేలాడే కాటా కొనండి. టికెట్ మీద మనిషికి ఎన్ని కిలోలని రాసుందో చూసి, ఇంట్లోనే తూచండి. శంషాబాద్ కౌంటర్ దగ్గర పెట్టె తెరిచి పచ్చడి సీసాలు అటూ ఇటూ మార్చుకునే కుటుంబం ప్రతిసారీ కనబడుతుంది. అదనపు కిలోలకు కట్టే డబ్బుతో మీ మరిది అక్కడే ఆవకాయ కొనుక్కోగలడు.

ఇక మీరు రాయని, నేను చేర్చినవి రెండు. అక్కడి గోడ ప్లగ్గులకు మూడు దీర్ఘచతురస్రపు రంధ్రాలుంటాయి, మన చార్జర్లు పట్టవు. అడాప్టర్లు రెండు కొనండి. అలాగే చల్లదనం నిలిచే మంచి నీళ్ల సీసాలు మూడు. అన్నీ కలిపి 1,500.

ఈ నీళ్ల సీసా చిన్న విషయంలా కనబడుతుంది గానీ డబ్బు లెక్క అంతా దాని దగ్గరే ఉంది. దుబాయ్‌లో పర్యాటకుడి జేబు ఖాళీ అయ్యేది టికెట్ల దగ్గర కాదు. పన్నెండు నుంచి నాలుగు దాకా ఎండ బయట నిలవనివ్వదు. అక్కడ జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడింటి వరకు ఆరుబయట పని చేయించకూడదని ప్రభుత్వమే నిషేధం పెట్టింది, మీ మరిదిని అడిగితే చెబుతాడు. ఆ నాలుగు గంటలూ మీరు మాల్‌లో గడిపితే దాహం, ఆకలి, పిల్లల మారాం అన్నిటికీ డబ్బే సమాధానం. ఫుడ్ కోర్టులో అయిదుగురు తింటే 200 దిర్హమ్‌లు సులువుగా అవుతాయి, అంటే 5 వేలు. కరామా అనే పేటలో మన దక్షిణాది హోటళ్లలో తింటే ఇంచుమించు సగం. మీరు బయట తినాల్సినవి తొమ్మిది పూటలు. అన్నీ మాల్‌లోనైతే 45 వేలు, కరామాలో అయితే 22,500. అందుకే పొద్దున్నే తిరిగి, ఎండెక్కాక గదికి వచ్చి పడుకుని, అయిదింటికి మళ్లీ బయల్దేరండి. సీసా నింపుకుని మెట్రో ఎక్కండి, లోపల మాత్రం తాగకండి. మెట్రోలో తిన్నా తాగినా 100 దిర్హమ్‌ల జరిమానా. సాయంత్రం ఊరి మధ్య క్రీక్ అనే సముద్రపు పాయ దగ్గర బర్ దుబాయ్ నుంచి డేరాకు అబ్రా పడవ మనిషికి ఒక్క దిర్హమ్. మా అమ్మకు ఆ పర్యటనలో అన్నిటికంటే నచ్చింది అదే.

అందుకే తినే సామానులో మరీ కోత పెట్టను, 2,500 ఉంచండి. మురుకులు, కారప్పొడి, పులిహోర పొడి, పిల్లలకు బిస్కెట్లు. ఒక్క జాగ్రత్త: గసగసాలు యూఏఈలో నిషిద్ధం. మరిదికి పట్టించే మసాలా పొడిలో అవి ఒక్క చెంచా కూడా పడకూడదు. తెలియక తెచ్చామంటే అక్కడ వినరు. మందుల విషయమూ అంతే. అత్తయ్య బీపీ, షుగర్ మాత్రలు స్ట్రిప్పులతోనే, డాక్టర్ చీటీతో సహా చేతిబ్యాగులో పెట్టండి. కోడీన్ ఉన్న దగ్గు మందు, ట్రమడాల్ ఉన్న నొప్పి మాత్రల్లాంటివి అక్కడ ముందస్తు అనుమతి లేకుండా తీసుకెళ్లకూడదు. మరిది స్నేహితుడి ఇంటి నుంచి ఎవరో తెచ్చిచ్చే మూసిన పార్శిల్ ఎంత మొహమాటమైనా తీసుకోకండి.

కొత్త లెక్క 18 వేలకు వచ్చింది. ఏప్రిల్, మే జీతాల్లోంచి తొమ్మిదేసి వేలు తీస్తే సరిపోతుంది, కార్డు జోలికి పోనక్కర్లేదు.

పక్కన పెట్టిన 60 వేల సంగతి. ప్యాకేజీలో సాధారణంగా కలపనిది టూరిజం దిర్హమ్ రుసుము. ఫోర్ స్టార్ హోటల్లో గదికి రాత్రికి 15 దిర్హమ్‌లు. రెండు గదులు, అయిదు రాత్రులకు 150, అంటే 3,750. గది ఇచ్చేటప్పుడే అడుగుతారు. ట్రావెల్ ఇన్సూరెన్స్‌కు 6 వేలు వేశాను. అత్తయ్య షుగర్ సంగతి దాచకుండా రాసి తీసుకోండి. మెట్రో, ట్యాక్సీలకు 6 వేలు. తిండికి 22,500. ఇంకా 21,750 మిగులుతుంది. అదే మాల్ భోజనాలైతే 60 వేలూ చాలవు, 750 లోటు.

ఆ డబ్బును దిర్హమ్‌లలో నింపిన ఫారెక్స్ కార్డులో వేసుకోండి, 500 దిర్హమ్‌లు నగదుగా ఉంచుకోండి. మామూలు క్రెడిట్ కార్డు గీకితే చాలా బ్యాంకులు 3.5 శాతం, దాని మీద జీఎస్టీ తీసుకుంటాయి. 60 వేలకు దాదాపు 2,500. షాపులో మెషీన్ ‘రూపాయల్లోనా, దిర్హమ్‌లలోనా’ అని అడిగితే దిర్హమ్‌లే నొక్కండి. రూపాయల్లో అంటే వాళ్లు చెప్పిన రేటే రేటు. ప్యాకేజీ బిల్లులో టీసీఎస్, అంటే ముందుగానే పట్టుకునే ఆదాయపు పన్ను, పట్టి ఉంటే అది ఎవరి పాన్ మీద పడిందో చూసుకోండి. మీవారి పాన్ అయితే రిటర్నులో వెనక్కి వస్తుంది. ఏజెంటును ఇంకోటి అడగండి: గ్లోబల్ విలేజ్, మిరాకిల్ గార్డెన్ ఎండాకాలంలో మూసేస్తారు. ఈ చూసే చోట్లు మీ ప్యాకేజీలో కలిపి ఉంటే, మీ తేదీల్లో అవి తెరిచే ఉంటాయా, లేకపోతే వాటి డబ్బు తగ్గిస్తారా?

అత్తయ్య బంగారం గురించి మీరు అడగలేదు గానీ చెబుతున్నాను. ఒంటి మీద బరువైన నగలు వద్దు. తప్పదంటే వెళ్లేటప్పుడే కస్టమ్స్ దగ్గర ఇక్కడి నగలేనని ధ్రువపత్రం రాయించుకోండి. అక్కడ కొనే ఆలోచనా మానుకోమనండి. నగలకు ప్రత్యేకంగా ఉన్న సుంకం మినహాయింపు ఏడాదికి పైగా విదేశంలో ఉండి వచ్చేవాళ్లకే, అయిదు రోజుల పర్యాటకులకు కాదు.

మే 20న మీరు అక్కడే ఉంటారు. ఆ రోజు చీటీ వాయిదా ఉంది. విమానం ఎక్కకముందే కట్టి రసీదు తీసుకోండి.