లీడ్స్ పెన్షన్: తీసేసుకోవాలా, అక్కడే ఉంచాలా?

ప్రశ్న: నమస్కారం అండీ. మాది గుంటూరు జిల్లా, ఇప్పుడు ఉండేది బెంగళూరు మారతహళ్లిలో. 2001 నుంచి 2012 దాకా ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో ఒక ఇంజనీరింగ్ కంపెనీలో చేశాను, అక్కడ ఫైనల్ శాలరీ పెన్షన్ (చివరి జీతం, చేసిన ఏళ్ళని బట్టి కట్టే పెన్షన్) ఉంది. మొన్న లెటర్ వచ్చింది. 65 ఏళ్ళు వచ్చాక, ఇవాళ్టి విలువలో చెప్పాలంటే, ఏడాదికి 7,200 పౌండ్లు వస్తుందట, నా తర్వాత మా ఆవిడకి అందులో సగం. పెన్షన్ వద్దనుకుని మొత్తం వేరే పథకంలోకి మార్చుకుంటే 1,18,800 పౌండ్లు ఇస్తారట. ఆ అంకెకి మూడు నెలలే గడువు, ఇంకా ఐదు వారాలుంది. నాకు వచ్చే జనవరికి 55 నిండుతాయి. వైట్‌ఫీల్డ్‌లో ఒక హోటల్లో మీటింగ్ పెట్టి, టిఫిన్ పెట్టి మరీ, మాల్టాలో పథకం ఉంది అందులోకి మార్చేద్దాం అంటున్నారు. దేవనహళ్లి వైపు ఒక ప్లాట్ కొని మిగతాది మ్యూచువల్ ఫండ్స్‌లో పెడదామని నా ఆలోచన. రెడింగ్‌లో ఉన్న ఫ్రెండ్‌కి 2021లో పెన్షన్‌కి 30 రెట్లు ఇచ్చారు, నాకు 16 రెట్లేనా? ఆ కంపెనీయే మూతపడితే నా గతేంటి? టెన్షన్‌గా ఉంది, సూటిగా చెప్పండి.

జవాబు: సూటిగానే చెప్తాను, మార్చొద్దు. మీరు రాసినదాన్ని బట్టి అది అక్కడే ఉండటం మంచిది.

ముందు ఆ ఐదు వారాల సంగతి. మూడు నెలల గడువు ఆ అంకెకే గానీ మీ హక్కుకి కాదు. మామూలు పెన్షన్ వయసుకి ఏడాది ముందు వరకు, అంటే మీ విషయంలో 64 దాకా, మార్చుకునే హక్కు చట్టప్రకారం ఉంటుంది, ఏడాదికోసారి ఈ లెక్క ఉచితంగా అడగొచ్చు. కాబట్టి "గడువు దాటితే పోయినట్టే" అని ఎవరైనా అంటే ఆ తొందర వాళ్ళది, మీది కాదు.

ఇక 16 రెట్లు. మీ ఫ్రెండ్‌కి అంత వచ్చింది, మీకు ఇంతే వచ్చింది అంటే మీ పెన్షన్ చిక్కిపోయిందని కాదు. ఆ మొత్తాన్ని బ్రిటన్ ప్రభుత్వ బాండ్ల రాబడిని చూసుకుని లెక్కకడతారు. బాండ్లపై వడ్డీ తక్కువగా ఉన్నప్పుడు, మీకు జీవితాంతం 7,200 ఇవ్వడానికి ఇవాళ చాలా డబ్బు పక్కన పెట్టాలి, అందుకే 2021లో ఆ అంకెలు అంత పెద్దగా కనిపించాయి. 2022లో వడ్డీలు ఒక్కసారిగా పెరిగాయి, అంకెలు పడిపోయాయి. 65లో మీకు రావాల్సిన 7,200 మాత్రం ఎక్కడికీ పోలేదు.

ఇప్పుడు ఆ 1,18,800తో మీరే ఆ పెన్షన్ తయారుచేసుకోగలరా చూద్దాం. ఏటా 4 శాతం చొప్పున తీసుకుంటూ బతకాలనుకుంటే, 7,200 రావడానికి 65 నాటికి ఇవాళ్టి విలువలో 1,80,000 పౌండ్లు ఉండాలి. అంటే మీ డబ్బు ఈ పదకొండేళ్ళలో ధరల పెరుగుదల పోగా ఏటా దాదాపు 3.8 శాతం పెరగాలి. సలహాదారుడు, ఫండ్, పథకం ముగ్గురూ కలిసి ఏటా 2 శాతం లాగేశారనుకోండి, ఇన్‌ఫ్లేషన్ మీద దాదాపు 6 శాతం సంపాదించాలి, ఒక్క ఏడాది కాదు, పదకొండేళ్ళు వరసగా. షేర్లు సరిగ్గా మీ 64వ ఏట పడిపోతే ఆ నష్టం మీదే. అదే పెన్షన్ అయితే నష్టం కంపెనీది, పైగా 90 ఏళ్ళు బతికినా ఆగదు, మీరు పనిచేసిన కాలానికి ధరలతో పాటు ఒక పరిమితి వరకు ఏటా పెరగాలని అక్కడ చట్టం కూడా ఉంది. (అక్కడి ప్రభుత్వం ఇచ్చే స్టేట్ పెన్షన్ వేరు. ఇండియాలో ఉండేవాళ్ళకి అది మొదలైనప్పటి అంకె దగ్గరే ఆగిపోతుంది. మీటింగుల్లో ఈ రెండూ కలిపేసి భయపెడుతుంటారు.)

ఇంకోటి, అది పౌండ్లలో వస్తుంది. మీరు వెళ్ళిన 2001లో పౌండు 70 రూపాయల లోపే. ఇప్పుడు 115 అనుకున్నా మీ పెన్షన్ నెలకి 69 వేల దాకా అవుతుంది. ఇక్కడి ఇల్లు, ఇక్కడి ఫండ్స్, ఇక్కడి పీఎఫ్ అన్నీ రూపాయల్లోనే ఉన్నవాడికి ఇలాంటి ఆదాయం ఒకటి ఉండటం ఎంత నిబ్బరమో ఆలోచించండి.

మాల్టా గురించి కాస్త ఘాటుగానే చెప్పాలి. ఇండియాలో ఉంటూ మాల్టా పథకంలోకి మారిస్తే బ్రిటన్ పన్ను శాఖ 25 శాతం కోసుకుంటుంది. బ్రిటన్‌లో, యూరప్‌లో ఉండేవాళ్ళకి యూరప్ పథకాలపై ఉన్న మినహాయింపుని కూడా 2024 అక్టోబర్ 30 నుంచి ఎత్తేశారు. మీ మొత్తంలో అది 29,700 పౌండ్లు, అంటే 34 లక్షల పైమాటే. ఆ మీటింగ్‌లో ఈ మాట ఎవరైనా చెప్పారా? "పథకం పేరు ప్రభుత్వ లిస్టులో ఉంది" అని చూపిస్తారు, ఆ లిస్టుకి తాము పూచీ పడం అని ఆ శాఖే రాసిపెట్టింది. పైగా 30,000 పౌండ్లు దాటితే అక్కడి ఎఫ్‌సీఏ (ఆర్థిక సలహాదారుల్ని నియంత్రించే సంస్థ) అనుమతి ఉన్న సలహాదారుడి దగ్గర సలహా తీసుకోవడం తప్పనిసరి, ఇష్టం వచ్చినవాళ్ళతో సంతకం పెట్టించుకుంటే కుదరదు. ఆయన "వద్దు" అని చెప్పినా ఫీజు కట్టాల్సిందే, అది వేల పౌండ్లలో ఉంటుంది. ఎఫ్‌సీఏ కూడా ఎక్కువమందికి మార్చడం తగదు అన్న దగ్గరే మొదలుపెట్టమంటుంది. 2017లో బ్రిటిష్ స్టీల్ కంపెనీ ఉద్యోగులు దాదాపు 8,000 మంది తమ పెన్షన్ పథకం నుంచి ఇలాగే బయటికొచ్చారు, తర్వాత చూస్తే వాళ్ళకిచ్చిన సలహాల్లో దాదాపు సగం తప్పుడువని తేలింది, పరిహారం పథకమే పెట్టాల్సి వచ్చింది. అదీ సొంత ఊళ్ళో, సొంత భాషలో.

కంపెనీ మూతపడితే? మంచి ప్రశ్నే. 2005 నుంచి అక్కడ పెన్షన్ ప్రొటెక్షన్ ఫండ్ ఉంది. కంపెనీ దివాలా తీసి పథకంలో డబ్బు చాలకపోతే, అప్పటికే పెన్షన్ వయసు దాటినవాళ్ళకి పూర్తిగా, మీలా ఇంకా ఆ వయసు రానివాళ్ళకి 90 శాతం ఇస్తుంది. ఏటా పెంపు మాత్రం తగ్గొచ్చు. కొంత నష్టం ఉన్నమాట నిజమే, కానీ దానికి భయపడి ముందే పావువంతు పోగొట్టుకోవడం నాకైతే అర్థం కాదు.

దేవనహళ్లి ప్లాట్ మాటకొస్తే, ఒక్క ఏడాదిలో కోటి పైన బయటికి తీస్తే అది ఇక్కడ మీ ఆదాయంలో కలిసి 30 శాతం శ్లాబులోకి పోయే ప్రమాదం ఉంది. భారత్-బ్రిటన్ పన్ను ఒప్పందం ప్రకారం ప్రైవేటు పెన్షన్‌పై పన్ను మీరుండే దేశానిదే. అక్కడ పెన్షన్ డబ్బులో పావువంతు ఒకేసారి తీసుకుంటే పన్ను లేదు కదా అని ఇక్కడా ఉండదనుకోవద్దు. ఆ లెటర్ పట్టుకెళ్ళి సీఏకి చూపించండి, అలాగే మీ ఐటీ రిటర్న్‌లో విదేశీ ఆస్తుల షెడ్యూల్‌లో ఈ పెన్షన్ ఎలా చూపాలో అడగండి.

డబ్బు ముందే కావాలంటే మార్చకుండానే ఇంకో దారి ఉంటుంది. "55కే పెన్షన్ మొదలుపెడితే ఎంత, కొంత ఒకేసారి తీసుకుని మిగతాది నెలనెలా తీసుకుంటే ఎంత" అని పథకం ఆఫీసుకి మెయిల్ పెట్టండి. పథకం రూల్స్ ఒప్పుకుంటే తగ్గించి ఇస్తారు. 2028 ఏప్రిల్ 6 నుంచి ఆ కనీస వయసు 57 అవుతుంది, అది గుర్తుంచుకోండి.

నా మాట మారేది ఒక్క సందర్భంలో. మీకు గట్టి జబ్బేదైనా ఉండి ఎక్కువకాలం బతకనని డాక్టర్లే చెప్పి ఉంటే లెక్క వేరు. భార్య లేనివాళ్ళకీ, వేరే పెద్ద పెన్షన్లున్నవాళ్ళకీ కూడా ఆలోచించడానికి కొంత చోటుంది. మీరు షుగర్ గురించి కూడా రాయలేదు కాబట్టి ఆరోగ్యంగానే ఉన్నారనుకుంటున్నాను. మీరు ముందు పోతే మీ ఆవిడకి సగం పెన్షన్ ఆమె ఉన్నన్నాళ్ళూ వస్తుంది, ప్లాట్ కాగితాలు పట్టుకుని బ్రోకర్ల చుట్టూ తిరిగే పని ఆమెకి పెట్టకండి.

ప్రశ్న: మా ఆవిడ నర్సు, ఇంగ్లండ్‌లో ఎన్‌హెచ్‌ఎస్‌లో (అక్కడి ప్రభుత్వ వైద్య సేవ) ఏడేళ్ళు చేసింది. ఆ పెన్షన్ కూడా ఇక్కడి ఫండ్‌లోకి తెచ్చుకోవచ్చా? - కె.ఆర్.పురం పాఠకుడు

జవాబు: కుదరదు. ఎన్‌హెచ్‌ఎస్, టీచర్లు, సివిల్ సర్వీస్ లాంటి ప్రభుత్వ పథకాల నుంచి సొంత ఖాతా ఫండ్స్‌లోకి మార్చడాన్ని 2015 ఏప్రిల్ నుంచి ఆపేశారు. రెండేళ్ళు దాటి చేశారు కాబట్టి పెన్షన్ ఆమె పేరున భద్రంగా ఉంటుంది, ధరలతో పాటు పెరుగుతుంది. ఏ సెక్షన్‌లో చేరారో చూసుకోండి, 1995 సెక్షన్ అయితే 60కి, 2008 అయితే 65కి, 2015 పథకం అయితే అక్కడి స్టేట్ పెన్షన్ వయసుకి మొదలవుతుంది. ఇక్కడి అడ్రస్, బ్యాంకు వివరాలు వాళ్ళకి రాసి పంపండి, తెచ్చిపెడతాం అని ఎవరైనా ఫోన్ చేస్తే పెట్టేయండి.