స్టిక్కర్ కంటే ముందు ప్లేటు చదువు

చిరంజీవి వంశీకి పిన్ని ఆశీస్సులు.

మొన్న ఆదివారం అక్క ఫోన్ చేసింది. ఉద్యోగంలో చేరి ఏడాది తిరగలేదు, అప్పుడే వినైల్ రికార్డులకి 40 వేలు పెట్టాడు, వాటిలో రెండు ఇంకా సీలు కూడా విప్పలేదు అంది. కోపంగా కాదు, బెంగగా. తర్వాత నువ్వు వాట్సాప్‌లో పంపిన ఫోటోలు చూశాను. ఆరింటిలో నాలుగు స్టిక్కర్ల ఫోటోలే. 'లిమిటెడ్ ఎడిషన్', '500లో 212', 'మార్బుల్ వినైల్', '180 గ్రాములు'. ఒక్క ఫోటోలోనూ అసలు రికార్డు, మనం ప్లేటు అనేది, కనిపించలేదు నాన్నా. అందుకే ఫోన్లో రెండు ముక్కలు చెప్పి ఊరుకోకుండా కూర్చుని రాస్తున్నాను.

మానెయ్యమని చెప్పడానికి కాదు. పాతికేళ్లుగా కొంటున్నదాన్ని, ఏ మొహంతో మానెయ్యమంటాను? ఎలా కొనాలో చెప్తాను, అంతే.

నేను 1997లో డెట్రాయిట్ దగ్గరికి వచ్చాను. కార్ల విడిభాగాల ఫ్యాక్టరీలో డై డిజైన్, అంటే ప్రెస్సుల్లో వాడే అచ్చులు గీసే ఉద్యోగం. రోజంతా ప్రెస్సుల చప్పుడే. 2000 మే నెలలో నాతో పనిచేసే ఒకావిడ నది ఒడ్డున హార్ట్ ప్లాజాకి తీసుకెళ్లింది. డెట్రాయిట్ ఎలక్ట్రానిక్ మ్యూజిక్ ఫెస్టివల్ మొదలైంది ఆ ఏడాదే. టికెట్ లేదు, ఎవరైనా రావచ్చు. మాటల్లేని ఆ సంగీతంలో నాకు మా షాప్ ఫ్లోర్ వినిపించింది. అవే దెబ్బలు, అదే లయ, కానీ ఎవరో దానికి ప్రాణం పోసినట్టు ఉంది. ఆ రాత్రి ఇంటికొచ్చాక మీ బాబాయికి అరగంట చెప్పాను, ఆయనకి ఏమీ అర్థం కాలేదు.

ఈ ఊరి పక్కన బెల్‌విల్ అని చిన్న ఊరుంది. అక్కడ స్కూల్లో కలిసి చదువుకున్న ముగ్గురు, వాన్ అట్కిన్స్, డెరిక్ మే, కెవిన్ సాండర్సన్, 1980లలో ఈ సంగీతానికి, అంటే టెక్నోకి, రూపం ఇచ్చారు. అట్కిన్స్ 1985లో మెట్రోప్లెక్స్ అని సొంత లేబుల్, అంటే రికార్డులు వేసే కంపెనీ, పెట్టాడు. మిగతా ఇద్దరూ ఆ దారినే వెళ్లారు. వెనక పెద్ద కంపెనీ లేదు, చేతిలో ఉన్న డబ్బుకి ఎన్ని వస్తే అన్ని ప్లేట్లు వేయించుకున్నారు. ఊళ్లోనే 1965 నుంచి నడుస్తున్న ఆర్చర్ రికార్డ్ ప్రెస్సింగ్ లాంటి చోట్ల అచ్చయ్యేవి. అందుకే ఆనాటి ప్లేట్లు తక్కువ, ఇవాళ వాటి ధరలు మనకి అందవు. నీకూ నాకూ రీఇష్యూలే, అంటే పాతవాటిని మళ్లీ అచ్చేసినవే, దిక్కు. అందులో చిన్నతనమేమీ లేదు.

మరి రీఇష్యూ 300, 500 మాత్రమే ఎందుకు వేస్తారు? ఇది నా పనికి దగ్గరి చుట్టం కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. ముందు లాకర్ అనే మెత్తటి పూత వేసిన అల్యూమినియం పళ్లెం మీద గాడి చెక్కుతారు. దాని మీద కరెంటుతో నికెల్ పూత ఎక్కించి లోహపు అచ్చులు తీస్తారు. చివరి అచ్చు స్టాంపర్. వేడి ప్లాస్టిక్ ముద్దని రెండు స్టాంపర్ల మధ్య నొక్కితే ప్లేటు. మా డైల లాగే స్టాంపర్ కూడా అరుగుతుంది, వెయ్యికి అటూ ఇటూగా మార్చుకోవాల్సి వస్తుంది. చెక్కడానికి, అచ్చులకి అయ్యే ఖర్చు నువ్వు 100 వేసినా 1000 వేసినా ఒకటే. చిన్న లేబుల్ దగ్గర ఉన్న డబ్బెంత, అమ్ముకోగలిగేది ఎంత అని చూసుకుంటే లెక్క 300 దగ్గరో 500 దగ్గరో ఆగుతుంది. అంకె వెనకున్నది చాలాసార్లు ఇంతే. ఆ లాకర్ పళ్లేలు చేసే ఫ్యాక్టరీలు ప్రపంచం మొత్తానికి రెండే ఉండేవి. కాలిఫోర్నియాలోది 2020 ఫిబ్రవరిలో కాలిపోయింది, జపాన్‌లోది మిగిలింది. వారం రోజులు నాకు మనసు మనసులో లేదు.

కాబట్టి 'అయిపోతోంది' అనగానే టెన్షన్ పడకు. అమ్ముడైపోయింది అంటే ఇక ఎప్పటికీ రాదని కాదు. బెర్లిన్‌లోని బేసిక్ ఛానల్, ఇక్కడి అండర్‌గ్రౌండ్ రెసిస్టెన్స్ అనే లేబుళ్ల వాళ్లు తమ పాత ప్లేట్లు మళ్లీ మళ్లీ వేయిస్తూనే ఉంటారు. ఒకసారి ఒక చిన్న లేబుల్ రీఇష్యూ అయిపోయిందని రాత్రి రెండింటికి కూర్చుని, తిరిగి అమ్ముకునే ఒకడి దగ్గర 180 డాలర్లకి కొన్నాను. ఎనిమిది నెలలకి అదే లేబుల్ మళ్లీ వేసింది, ధర 16 డాలర్లు. నేను పెట్టిన మిగతా డబ్బులో ఒక్క సెంటు కూడా ఆ సంగీతం చేసిన మనిషికి చేరలేదు. డబ్బు పోయినందుకు కంటే అందుకే ఎక్కువ బాధపడ్డాను. ఏదైనా నచ్చితే లేబుల్ దగ్గర గానీ మంచి షాపులో గానీ మామూలు ధరకి కొనుక్కో. దొరక్కపోతే పేరు రాసిపెట్టుకుని ఏడాది ఆగు. అప్పటికీ మనసు లాగుతుంటే చూద్దాం.

మనిషికి చేరడం అన్నాను కదా, రీఇష్యూకి నా దృష్టిలో అసలు విలువ అక్కడే ఉంది. చరణ్‌జీత్ సింగ్ గారి సంగతి నీకు తెలుసా? బొంబాయిలో సినిమా పాటలకి వాయించే కళాకారుడు. 1982లో రోలాండ్ కంపెనీ ఎలక్ట్రానిక్ వాద్య యంత్రాలు మూడు, జూపిటర్-8, టీబీ-303, టీఆర్-808, పెట్టుకుని పది రాగాలను డిస్కో లయ మీద రికార్డు చేశారు. అప్పట్లో పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. చికాగో కుర్రాళ్లు అదే 303 గొంతుతో యాసిడ్ హౌస్ అనే డాన్సు సంగీతపు ప్లేటు తెచ్చింది 1987లో. 2010లో బాంబే కనెక్షన్ అనే డచ్ లేబుల్ ఆ పది రాగాలని మళ్లీ వేసింది. డెబ్బై దాటిన వయసులో ఆయన ఆ యంత్రాలు పట్టుకుని యూరప్ వేదికలెక్కారు. 2015లో పోయారు. ఒక్క రీఇష్యూ లేకపోతే ఆ చివరి ఏళ్లు ఆయనకి అలా ఉండేవి కావు. ఈ ప్లేటు నువ్వు ఎక్కడైనా చూస్తే, అప్పట్లో హెచ్‌ఎంవీ కంపెనీ అచ్చేసిన పాత ప్లేటు కోసం అప్పు చెయ్యకు. రీఇష్యూ తీసుకో.

దీనికి ఎదురు కథ కూడా నాకు జరిగింది. ఒకచోట ఎప్పటినుంచో దొరకని 12 అంగుళాల ప్లేటు కొత్త రీఇష్యూ కనిపించింది. మంచి అట్ట, నంబరు, అన్నీ ఉన్నాయి. ఇంటికొచ్చి పెట్టాను. సన్నగా చిటపటమంటోంది. దుమ్మేమో అని కడిగి ఆరబెట్టి మళ్లీ పెట్టాను, అదే చిటపట. అప్పుడు చెవి పెట్టి విన్నాను. సూది గాడిలో పడ్డాక పాట మొదలయ్యే ముందు నాలుగు సెకన్లు నిశ్శబ్దం, శుభ్రంగా ఉంది. పాటతో పాటే చిటపట మెల్లగా లేచింది, పాట తగ్గుతుంటే అదీ తగ్గింది, రెండు పాటల మధ్య మళ్లీ నిశ్శబ్దం. అంటే ఆ గీతలు నా ప్లేటువి కావు. ఎవరో అరిగిపోయిన పాత ప్లేటుని కంప్యూటర్లోకి ఎక్కించుకుని, దాంతో కొత్త ప్లేటు చెక్కించారు. దొంగ ముద్రణ. పైన పటారం, లోన లొటారం. ప్లేటు మధ్యలో అంటించిన లేబుల్ కాగితం మీద ఊరు పేరు లేదు, హక్కుదారు పేరు లేదు, మూల టేపు ఎక్కడిదో ఒక్క ముక్క లేదు. కొనే ముందు ఇవి నేను చూసుకుని ఉండాల్సింది. నువ్వు చూసుకో. కళాకారుడి సొంత పేజీలో ఆ రీఇష్యూ ప్రస్తావన ఉందా అని కూడా చూడు. రికార్డుల వివరాలు నమోదు చేసే డిస్కాగ్స్ వెబ్‌సైట్‌లో ఇలాంటివాటికి 'అనఫీషియల్' అని రాసి ఉంటుంది.

ఇప్పుడు ప్లేటు చదవడం. టేబుల్ లైటు వేసి ప్లేటుని ఏటవాలుగా పట్టుకో. పాట అయిపోయాక మధ్యలోని లేబుల్ కాగితం దాకా ఖాళీగా నల్లటి అంచు ఉంటుంది. మెల్లగా తిప్పితే అక్కడ గోటితో గీసినంత సన్నగా అక్షరాలు, అంకెలు కనిపిస్తాయి. ఆ ప్లేటు జాతకం అక్కడుంది. డెట్రాయిట్ పాత ప్లేట్ల మీద 'ఎన్ఎస్‌సీ' అని ఇంగ్లీషు అక్షరాలుంటే అది రాన్ మర్ఫీ చెక్కినది. నేషనల్ సౌండ్ కార్పొరేషన్ ఆయనదే. తుది లేకుండా గుండ్రంగా తిరిగే గాడులు చెక్కడంలో ఆయన చెయ్యి పేరున్నది. 2008లో పోయారు. కాబట్టి ఆ తర్వాత కొత్తగా చెక్కిన రీఇష్యూలో ఆయన చేతిరాత ఉండదు, ఉంటే అది పాత అచ్చులతో వేసింది. బెర్లిన్‌లో చెక్కినవాటి మీద డబ్‌ప్లేట్స్ అండ్ మాస్టరింగ్ అనే స్టూడియో వాళ్ల గుర్తు తరచూ కనిపిస్తుంది. చెక్కిన మనిషి తన గుర్తు పెట్టాడంటే ఆ పనికి బాధ్యత తీసుకున్నాడని నేను అనుకుంటాను. కొందరు అక్కడ చిన్న చిన్న మాటలు కూడా రాస్తారు, అవి వెతకడం నాకిప్పటికీ సరదా.

తర్వాత ఒక్కో వైపు ఎన్ని నిమిషాలుందో లెక్కెయ్యి. నా మాటల్లో ఏది మర్చిపోయినా ఇది మర్చిపోకు. బేస్, అంటే గుమ్మని మోగే లోతైన శబ్దం, గాడిలో పెద్ద మెలిక. ఏరు వంపు తిరగాలంటే చోటు కావాలి కదా, అలాగే లోతైన కిక్ డ్రమ్ దెబ్బకి గాడి పక్కన ఖాళీ కావాలి. ఒక వైపు 24, 25 నిమిషాలు కుక్కితే చెక్కేవాడు సౌండు తగ్గించాలి, బేస్ కొయ్యాలి, వేరే దారి లేదు. రెండు ప్లేట్ల మీద వచ్చిన ఆల్బమ్‌ని ఒక ప్లేటులో ఇరికించి 'స్పెషల్ ఎడిషన్' అంటే వదిలెయ్. 20 నిమిషాల లోపు బాగుంటుంది. వైపుకి ఒక్క పాట, నిమిషానికి 45 చుట్లు తిరిగే 45 స్పీడు, 12 అంగుళాలు అయితే ఈ సంగీతానికి అంతకంటే మంచిది లేదు.

దానికి కారణం ఉంది. 33 స్పీడులో బయటి అంచున సూది కింద గాడి సెకనుకి దాదాపు 51 సెంటీమీటర్లు పరిగెడుతుంది. లేబుల్ దగ్గరికి వచ్చేసరికి ఆ నడక 21 సెంటీమీటర్లకి పడిపోతుంది. అంటే అదే సంగీతం సగం కంటే తక్కువ చోటులో ఒదగాలి. చివరి పాటలో హై-హ్యాట్ తాళాల చప్పుడు గరగరలాడేది అందుకే. పాట ఏ స్థానంలో ఉందో చూసి కొనే అలవాటు చేసుకుంటే నీకే తెలుస్తుంది.

ఇక 180 గ్రాములు అన్నది బరువు మాత్రమే. 140 గ్రాముల ప్లేటు బాగా చెక్కితే అంతకంటే బాగా పాడుతుంది. బొమ్మ అచ్చేసిన పిక్చర్ డిస్కులు చూడ్డానికి బాగుంటాయి, సూది కింద బుసకొడతాయి, నేను కొనను. రంగు ప్లేట్లలో మంచివి ఉన్నాయి, కానీ రంగు కోసం 1500 రూపాయలు ఎక్కువ పెట్టకు. 'పూర్తిగా అనలాగ్' అన్న మాట వెంట పడి కూడా అలసిపోకు. 1990ల టెక్నోలో చాలా భాగం డిజిటల్ టేపు మీదే తయారైంది. మూలమే డిజిటల్ అయినప్పుడు దాని నుంచి శ్రద్ధగా చెక్కడమే నిజాయితీ.

ఆ సీలు విప్పని రెండూ ఇవాళే విప్పు. ప్లేటు వంగి ఉండొచ్చు, మధ్య బెజ్జం పక్కకి జరిగి ఉండొచ్చు. బెజ్జం జరిగితే సాగే సింథ్ స్వరం ఊయల ఊగినట్టు ఎక్కి దిగుతుంది. మనవాళ్ల గమకం కాదది, లోపం. వారంలో చెప్తే షాపువాడు మారుస్తాడు, రెండేళ్లకి విప్పి ఎవర్ని అడుగుతావు?

హైదరాబాద్ ఎండలకి ఒక మాట. ఏప్రిల్, మే నెలల్లో విదేశీ ఆర్డర్లు పెట్టకు. కస్టమ్స్‌లో, వ్యాన్‌లో ఆ వేడికి ప్లేటు వంగిపోతుంది. పార్సిల్ రాగానే పెట్టెయ్యకుండా ఒక రాత్రి ఇంట్లో ఉంచు. ఇక్కడ జనవరిలో గడ్డకట్టి వచ్చినవాటికి నేనూ అదే చేస్తాను. బీరువాలో నిలబెట్టు, ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టకు. మెత్తగా, మందంగా ఉండే పీవీసీ కవర్లు ఏళ్ల తరబడి ఉంచితే ప్లేటు మీద పొగ పట్టినట్టు మచ్చ దిగుతుంది. పల్చటి పాలీప్రొపైలీన్ కవర్లు వాడు. నీ సూట్‌కేస్ ప్లేయర్ మాత్రం ముందు మార్చు. సూదిని పట్టి ఉంచే కార్ట్రిడ్జ్ మంచిదైతే రెండు గ్రాముల బరువుతో గాడిని తాకుతుంది, సూట్‌కేస్ ప్లేయర్ల సూది చాలాసార్లు అంతకి రెండు మూడు రెట్ల బరువుతో దున్నుతుంది. వచ్చే మూడు నెలలు రికార్డులు కొనకుండా ఆ డబ్బు టర్న్‌టేబుల్‌కి దాచు. అక్కతో నేను మాట్లాడాను, ఆవిడ బెంగ తగ్గింది.

డిసెంబర్‌లో మీ బాబాయి వస్తున్నారు. ఒక ప్లేటు చేతి సంచిలో పెట్టి పంపుతున్నాను, చెకిన్ సామానులో కాదు. అట్ట మీద స్టిక్కర్ తీసేశాను. పేరు చెప్పను. రెండో వైపు రెండో పాట చీకట్లో విను. అయ్యాక లైటు వేసి అంచు మీద గీసి ఉన్న నాలుగు మాటలు చదివి, అవేమిటో నాకు రాసి పంపు.

నీ
పిన్ని