ఆపరేషన్ తర్వాత తల్లికుక్కకు పాలు దిగకపోతే

నిన్న రాత్రి ఆపరేషన్‌తో ఈనిన మీ కుక్కకు పాలు దిగడం లేదని, పిల్లలకు ఆవుపాలు పట్టవచ్చా అని అడిగారు. ఆవుపాలు వద్దండి, కుక్కపాలతో పోలిస్తే వాటిలో కొవ్వు, మాంసకృత్తులు దాదాపు సగమే. తల్లి ముర్రుపాలలో రోగాలను ఎదుర్కొనే ప్రతిరక్షకాలతో పాటు ఇన్సులిన్ వంటి హార్మోన్లు, పేగుల ఎదుగుదలకు తోడ్పడే వృద్ధి కారకాలు ఉంటాయి; ఆ ప్రతిరక్షకాలను పిల్ల పేగు రక్తంలోకి పీల్చుకోగలిగేది పుట్టిన సుమారు 24 గంటల లోపే, అందులోనూ తొలి గంటల్లోనే ఎక్కువ.

పిల్లలు చీకినప్పుడు తల్లిలో ఆక్సిటోసిన్ అనే హార్మోన్ విడుదలై పాలు దిగుతాయి, కానీ నొప్పి, భయం, చుట్టూ జనసందడి దాన్ని అడ్డుకుంటాయి. కనుక తల్లిని నిశ్శబ్దమైన గదిలో ఉంచి, ముందు పిల్లల ఒళ్లు మెల్లగా వెచ్చబరచి (చల్లబడిన పిల్లకు పాలు అరగవు), ఆపైన చన్నులు పట్టించండి. ఈ పూటే పశువైద్యునికి చూపించండి. పాడిగేదెలకు వాడే ఆక్సిటోసిన్ సూదిమందును దయచేసి సొంతంగా వేయవద్దు.